ఉప్పు మోసే బరువు

అన్నయ్య గుండె సంగతి అన్నయ్యకు తప్ప ఇంట్లో అందరికీ అర్థమైంది. అందరూ అంటే ఎంతమందో అనుకునేరు, నేనూ వదినా, అంతే. డాక్టరు ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒకే మాట చెప్పాడు. గుండె బాగా బలహీనపడింది, ఎప్పుడైనా ఏమైనా కావచ్చు, అయిన గంటలోపు మనిషి ఆసుపత్రిలో ఉండాలి. ఆ మాట మా చెవుల్లోకి ఒకలా వెళ్లింది, ఆయన చెవుల్లోకి ఇంకోలా వెళ్లింది. బయటికి వచ్చి మెట్లు దిగుతూ, జాగ్రత్తగా ఉండమన్నాడు అంతేగా, మనం ఎప్పుడు అజాగ్రత్తగా ఉన్నాం గనక అన్నాడు. అని, సగం మెట్ల దగ్గర ఆగి, గోడకి అంటించిన కళ్లజోళ్ల ప్రకటన ఒకటి శ్రద్ధగా చదివాడు. ఆయాసం వచ్చినప్పుడల్లా ఆయనకి చదవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

మేం బయల్దేరాల్సిన చోటికి దగ్గర్లో ఆసుపత్రి కాదు కదా, తలనొప్పి మాత్ర అమ్మే కొట్టు కూడా లేదు. రోడ్డు అయిపోయే ఊరు ఒకటుంది. అది దాటాక రెండు రోజులు రాళ్ల నేల, ఆ తర్వాత పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెల్లటి ఉప్పు మైదానం, దాని అవతలి ఒడ్డున గుట్టల కింద ఒక వాతావరణ కేంద్రం. కేంద్రం అంటే రెండు గదులూ, ఒక స్తంభం, దాని మీద గాలికి తిరిగే గిన్నెలూ. ఏడాదికి రెండుసార్లు అక్కడికి సామాను చేరవేయడం మా అన్నదమ్ముల పని. ఆ దారి కనిపెట్టింది అన్నయ్యే. ఇరవై ఏళ్ల వయసులో సర్వేవాళ్ల వెంట డ్రైవరుగా వెళ్లి, వాళ్లు వెనక్కి పోదామన్నచోట దిగి నడిచి, బండి పట్టే దారి చూసి వచ్చాడట. ఇప్పుడు ఆ కేంద్రాన్ని మూసేస్తున్నారు. గాలీ వానా ఆకాశంలోంచే కొలిచే యంత్రాలు వచ్చాయట. అక్కడి మనిషిని ముందే వెనక్కి పిలిచేశారు. మేం వెళ్లి పరికరాలు విప్పి పెట్టెల్లో పెట్టుకుని, తలుపులకి తాళం వేసి రావాలి. అదే ఆఖరి ప్రయాణం.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రమే వదిన నన్ను వంటింట్లోకి పిలిచింది. పెళ్లీ పెటాకులూ లేని నేను వాళ్ల మేడ మీది గదిలోనే ఉంటాను, తిండీ తిప్పలూ కిందే. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతూ, తల ఎత్తకుండానే, ఆయన వెళ్లడానికి వీల్లేదు, ఆ మాట నువ్వే చెప్పాలి అంది. నువ్వు చెప్పొచ్చుగా అన్నాను.

"నేను చెబితే పెళ్లాం భయం అంటారు. ఆ దారి తెలిసినవాడివి నువ్వు. నువ్వు వద్దంటే ఆలోచిస్తారు," అంది వదిన.

సరే వదినా, రేపు చెబుతాను అన్నాను. ఆ రేపు ఎంత పొడుగు సాగిందో చెబితే మీరు నవ్వుతారు.

మా షెడ్డు ఇంటి పక్కనే. రేకుల కప్పు, నూనె ఇంకి నల్లబడిన నేల, గోడకి వరసగా తగిలించిన పానాలు. మధ్యలో మా బండి. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే పాతకాలపు మొండి బండి అది, మా ఇద్దరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నది. వదిన దాన్ని నా సవతి అనేది. ఆయన జీతంలో సగం దానికే పెట్టారు, పండక్కి నాకో చీర కొంటే దానికి రెండు టైర్లు కొన్నారు అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేది. కొన్నేళ్లుగా షెడ్డు గడప కూడా తొక్కడం లేదు. సవతి ఇంటికి నేనెందుకు వెళ్తానూ అనేది.

బండిని అలాంటి దారికి సిద్ధం చేయడమంటే సామాను ఎక్కించడం కాదు. ముందు దాన్ని సగం విప్పాలి. ఎక్కడో దిక్కులేని చోట విరగబోయేదాన్ని ఇక్కడే, నీడపట్టున, విరక్కముందే పట్టుకోవాలి. అన్నయ్య చిన్న స్టూలు వేసుకుని ముందు చక్రాల దగ్గర కూర్చున్నాడు. బేరింగులు ఊడదీసి కిరసనాయిల్లో కడిగి, వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచుని దాని మీద నొక్కుతూ, గ్రీజు అవతలివైపు నుంచి బయటికి వచ్చేదాకా ఎక్కించాడు. ఆ పని నన్ను ఎప్పుడూ చేయనివ్వడు. నీకు ఓపిక లేదురా, నువ్వు బేరింగుకి బొట్టు పెట్టి వదిలేస్తావు అంటాడు. చేతులు ఎప్పటిలాగే నిదానంగా, తప్పు లేకుండా పోతున్నాయి. కానీ నట్టు బిగించే వేళకి పానా నా చేతికిచ్చి, బిగువు సరిగ్గా ఉందో లేదో నువ్వు కూడా ఒకసారి చూడు అన్నాడు. అసలు బిగించనే లేదు. నేను బిగిస్తూ ఉంటే ఆయన గ్రీజు డబ్బా మీది అక్షరాలు చదువుతూ కూర్చున్నాడు.

అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. అన్నయ్యా, ఈసారి, అన్నాను. ఈసారి హోస్ పైపులన్నీ కొత్తవే వేద్దాం, పాతవి పారేయకు, సీటు కింద పెట్టు, అవసరానికి పనికొస్తాయి అన్నాడు. నేను హోస్ పైపులు తేవడానికి వెళ్లాను. నా నోట్లో నాలుక లేదా అంటే ఉంది, కొట్టువాడితో పైపు మందం గురించి గంట వాదించి వచ్చాను.

బండి వెనక బరువు మోసే కమాను పట్టీల్లో ఒకటి చిట్లింది. దాన్ని మార్పించడానికి వెల్డరు దగ్గరికి నేనొక్కడినే వెళ్లాను. వెల్డరు మాకు పాత స్నేహితుడు, రెండుసార్లు మాతో ఆ దారిలో వచ్చినవాడే. ఆ ఉప్పు మీదికి ఒక్కడే దిగకూడదన్నది అన్నయ్య పెట్టిన నియమం. అందుకని, ఒకవేళ అన్నయ్య రాకపోతే నువ్వు వస్తావా అని అడిగాను. నా ముఖం చూసి ఇంకేమీ అడక్కుండా, ఒక రోజు ముందు చెప్పు చాలు అన్నాడు. అన్నయ్యతో చెప్పకుండా అతనికి ఖాయం చేయడం ఎలా? అతనికి చెప్పాలంటే ముందు అన్నయ్యకి చెప్పాలి. అలా రెండు మాటలు నా గొంతులో ఒకదాని వెనక ఒకటి వరస కట్టాయి.

ఇంకో రోజు టీ తాగుతూ మళ్లీ మొదలుపెట్టాను. అక్కడ చలి ఎక్కువ, దారి ఏమీ బాగుపడలేదు, మనకీ వయసు మీద పడుతోంది అని చుట్టూ తిరిగి వస్తున్నాను. అన్నయ్య వింటున్నాడో లేదో తెలియలేదు. గ్లాసు అడుగున మిగిలిన చుక్క నేల మీద పారబోసి, "తాళం మాత్రం నేనే వేస్తానురా," అన్నాడు. "ఆ గది తలుపు మొదటిసారి తెరిచింది నేను. అప్పుడు లోపల పక్షి గూడు తప్ప ఏమీ లేదు. ఎవడో ముక్కూముఖం తెలియనివాడు పోయి మూసి రావడం నాకు బాగుండదు."

నిజం చెప్పాలంటే, ఆ క్షణం నుంచి నాకు ఆయన్ని తీసుకెళ్లాలనే అనిపించింది. తీసుకెళ్లి, ఆ తాళం ఆయన చేతే వేయించి, ఆ తర్వాత ఏమైతే అదే కానీ అనుకున్నాను. మరుక్షణంలోనే ఉప్పు మధ్యలో ఆయన నా ఒళ్లో తల పెట్టి ఊపిరి ఆడక కొట్టుకుంటున్నట్టూ, నేను స్టీరింగు పట్టుకుని ఎటు పోవాలో తెలియక ఏడుస్తున్నట్టూ కనిపించింది. రెండూ నిజమే. ఒకటి తేల్చుకోలేని వెధవని నేను.

ఇక్కడ కాటా గురించి చెప్పాలి. ఆ ఉప్పు మైదానం పైకి గట్టి నేలలా కనిపిస్తుంది గానీ, అది పెంకు. పెంకు కింద అడుగు తెలియని బురద. ఎంత బరువు దాకా ఆగుతుందో ఎవరికీ తెలియని రోజుల్లో ఒక ఆఫీసు లారీ ఎవరు చెప్పినా వినకుండా వెళ్లింది. మనుషులు దూకి బతికారు గానీ, పై సంవత్సరం మేం వెళ్లేసరికి లారీ కప్పు మాత్రం కనిపిస్తోంది. అప్పటి నుంచి అన్నయ్య కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ వెళ్లి చూసి, ఒక అంకె తేల్చాడు. ఆ అంకెని డ్రైవరు తలుపు లోపలివైపు ఎర్ర రంగుతో రాశాడు. బయల్దేరిన రోజు ఊరి చివర రాళ్ల లారీలు తూచే కాటా మీదికి బండి ఎక్కిస్తాం. సామాను, డీజిలు, నీళ్లు, మనుషులు, అన్నీ ఎక్కాక తూకం వేయిస్తాం. అంకె దాటిందంటే ఎంత దాటితే అంత అక్కడే దిగిపోవాలి. బతిమాలడాలు లేవు. నా కొత్త బూట్లు ఒకసారి అక్కడే వదిలేశాను. వదిన ముచ్చటపడి కుట్టించిన దూది పరుపు ఒకసారి కాటా మనిషికి దక్కింది. ఒక పెద్ద ఇంజనీరుని, మీరైనా దిగండి, మీ ట్రంకుపెట్టె అయినా దిగాలి అని అన్నయ్య నిలబెట్టేశాడు. అన్నయ్య ఈ లోకంలో ఎవరి మాటా వినలేదు గానీ, కాటా చెప్పాక మాత్రం మాట్లాడేది లేదనేవాడు.

సామాను ఎక్కించడం బయల్దేరే ముందురోజు సాయంత్రానికి అయిపోయింది. బరువంతా కిందికీ మధ్యకీ వచ్చేలా డీజిలు క్యాన్లూ నీళ్ల క్యాన్లూ నడుమ పేర్చి, ఖాళీ పెట్టెలు పైన పెట్టి, బెల్టులతో బిగించాం. రెండు స్టెప్నీలు, రెండు జాకీలు, చక్రం కింద వేసే పలకలు, పారలు, తాడు. వదిన గడప దగ్గరికి వచ్చి నిలబడి చూస్తూ, రేపు కాటా దగ్గర ఏమైనా దింపాల్సి వస్తుందా అని అడిగింది. అన్నయ్య మురిసిపోయాడు. ఇన్నేళ్లలో ఆవిడ బండి గురించి అడిగిన మొదటి మాట అది. ఏమీ దిగవే, లెక్క చూసుకునే ఎక్కించాను, ఇంకా కొసరు కూడా మిగులుతుంది, కావాలంటే నువ్వూ రా అన్నాడు. ఆవిడ నవ్వలేదు.

ఆయన లోపలికి వెళ్లాక చెప్పావా అని నన్ను అడిగింది. లేదన్నాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ కాసేపు బండి వైపు చూసి, "ఇంక నువ్వు చెప్పక్కర్లేదులే," అంది. విసిగిపోయి వదిలేసిందనుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, గుండెల మీది బండ దిగినట్టయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తెల్లవారాక స్నానాలు చేసి, టిఫిన్లు తిని బయల్దేరాం. కాటా దాకా వచ్చి సాగనంపి, అటు నుంచి బస్సులో ఇంటికి వెళ్లడం వదినకి అలవాటు. ముందు సీట్లో మా ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది. దారంతా అన్నయ్య కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, ఎదురైన ప్రతి లారీ టైర్లనీ విమర్శిస్తూ వచ్చాడు. మలుపు తిరిగేటప్పుడు, వెనక కాస్త కూర్చున్నట్టుందిరా, వెల్డరు వేసిన పట్టీ మెత్తదేమో అన్నాడు. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అన్నాను.

కాటా మనిషి మమ్మల్ని ఎరిగినవాడే. అద్దం వెనక చిన్న గదిలో కూర్చుంటాడు, కిటికీ మీద ఎర్ర అంకెలు వెలుగుతాయి. వదిన దిగి గది గోడ పక్కన నిలబడింది. బండిని కాటా పలక మీదికి ఎక్కించి ఇంజను ఆపాను. అంకెలు పరిగెత్తి ఆగాయి. తలుపు మీది అంకెని దాటేశాయి. కొంచెం కాదు, ఇద్దరు మనుషుల బరువు కంటే ఎక్కువ.

అన్నయ్యకి కోపం రాలేదు. తన లెక్క తప్పిందని ఆశ్చర్యపోయాడు. బండిని కిందికి దింపి మళ్లీ ఎక్కించమన్నాడు. మళ్లీ అదే అంకె. కాటా పాడైందేమో అన్నాన్నేను. కాటా మనిషి నొచ్చుకుని, తాను దిగి వచ్చి పలక మీద నిలబడి తన బరువు చూపించాడు. కాటా చెప్పాక మాట్లాడేది లేదురా, దింపు అన్నాడు అన్నయ్య.

ముందు తన సామానే దింపాడు. మడత కుర్చీ, పక్కబట్టలు, బట్టల సంచీ. సంచీలోంచి మందుల డబ్బా మాత్రం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. చాలలేదు. రెండో జాకీ దింపాం, టార్పాలిన్ దింపాం, ఒక స్టెప్నీ దింపాం. ప్రతిసారీ వెళ్లి సీట్లో కూర్చుని, ఎంత అని గట్టిగా అడుగుతాడు, కాటా మనిషి అంకె చెబుతాడు, మళ్లీ దిగుతాడు. ఎక్కీ దిగీ ఆయన పెదాలు నల్లబడుతున్నాయి. నువ్వు కూర్చో, నేను దింపుతాను అంటే వినడు. ఆఖరికి ఒక డీజిలు క్యాను మీద చెయ్యి వేసి చాలాసేపు ఆలోచించాడు. పోను రాను చాలినంతే కదరా పెట్టాం అన్నాడు. అంటూనే దాన్నీ దింపించాడు.

ఇంకా ఎక్కువే ఉంది. ఒక మనిషి బరువంత.

"ఒకరు దిగితే సరిపోతుంది సార్," అన్నాడు కాటా మనిషి కిటికీలోంచి. పాపం అతనికేం తెలుసు.

అన్నయ్య నవ్వాడు. మనిషిని దింపమంటున్నాడ్రా అన్నాడు. నా వైపు చూశాడు. నడపాల్సినవాణ్ణి నేను. మా ఇద్దరిలో దిగదగినవాడు ఎవడో ఆయనకి తెలుసు, నాకు తెలుసు. నేను స్టీరింగు మీది పగుళ్లు చూస్తూ కూర్చున్నాను. ఆయన సీటు అంచు పట్టుకుని నెమ్మదిగా దిగాడు. పలక అవతలికి నడిచి వెళ్లి నిలబడ్డాడు. ఎర్ర అంకెలు కదిలి, తలుపు మీది అంకె దగ్గరికి వచ్చి ఆగాయి.

అంతటితో అయిపోయి ఉంటే ఎంత బాగుండేదో. కాటా చెప్పింది, ఆయన విన్నాడు, ఎవరినీ ఏమీ అనడానికి లేదు. కానీ ఆయన అక్కడ నిలబడి బండి వెనకభాగాన్ని చూస్తున్నాడు. అంత సామాను దిగాక కమాన్లు లేవాలి. లేవలేదు. ఆయన ముఖం మారింది. వచ్చి, నేల మీద మోకాళ్లూని, తర్వాత వెల్లకిలా పడుకుని, ఒళ్లు ఈడ్చుకుంటూ బండి కిందికి వెళ్లాడు. వద్దన్నయ్యా, నేను చూస్తాను అంటూ దిగి పరిగెత్తాను. ఆయన చెయ్యి అప్పటికే కొళాయి తిప్పింది.

బండి అడుగున ఇనప కడ్డీల మధ్య ఒక పాత నీళ్ల ట్యాంకు ఉంది. పదిమంది సర్వే మనుషుల్ని మోసిన రోజుల్లో వెల్డరు అమర్చినది. ఇద్దరమే వెళ్తున్నప్పటి నుంచి దాన్ని ఖాళీగానే ఉంచుతున్నాం, అది ఉందన్న మాటే నేను మరిచిపోయాను. ఆ కొళాయిలోంచి నీళ్లు ధారగా పడ్డాయి. ఆయన చొక్కా తడిసింది, పలక తడిసింది, పలక సందుల్లోంచి కిందికి కారాయి. ఎంతకీ ఆగడం లేదు. అంకెలు తగ్గిపోతుంటే ఏం జరుగుతోందో అర్థంకాక కాటా మనిషి ఒక్కొక్కటే పైకి చదువుతున్నాడు.

ఆ ట్యాంకుకి నీళ్లు పోసే మూత సీటు వెనక చాప కింద ఉంటుంది. అది తెలిసినవాళ్లం ముగ్గురమే. వెల్డరు సంగతి వేరు, అతను మా ఇంటికి రానేలేదు. ఆ రోజుల్లో ఇంటి కొళాయికి గొట్టం తగిలించి దాన్ని నింపేది వదినే. అన్నయ్యకి అది గుర్తుకు రాలేదు. వదిన రాత్రివేళ షెడ్డులోకి వెళ్లి బండిని ముట్టుకుంటుందని ఆయన కలలో కూడా అనుకోడు. బండి కింద నుంచి బయటికి వచ్చి లేచి, గోడ పట్టుకుని, నా వైపే చూశాడు.

"నువ్వా?" అన్నాడు.

నేను వదిన వైపు చూశాను. ఆవిడ కొంగు పిడికిట్లో నలిపేస్తోంది. నోరు తెరిచింది, చెప్పబోతోంది.

"నేనే," అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు ఆలోచించలేదు. తర్వాత దారి పొడుగునా ఆలోచించాను. నేను వెళ్లిపోతాను, ఆవిడ ఆయనతో ఒకే కప్పు కింద ఉండాలి, ఆయనకి మంచినీళ్లు ఇవ్వాలి, మందు ఇవ్వాలి. ఆవిడ చేత్తో ఇచ్చింది ఆయన తాగాలి. అదొకటి. నన్ను నోటితో చెప్పమంటే చెప్పకపోవడం వల్లే ఆవిడకి ఆ గొట్టం పట్టుకోవాల్సి వచ్చింది. అది రెండోది. వదిన తెరిచిన నోరు మూసుకుంది. ఆవిడ మూసుకున్నందుకు నాకు ఊరటా కలిగింది, కోపమూ వచ్చింది.

"నోటితో చెబితే పోయేది కదరా," అన్నాడు అన్నయ్య. గొంతు పెద్దది చేయలేదు, చేసే ఊపిరి లేదు. "వద్దు అన్నయ్యా అంటే ఒకరోజు తిట్టేవాణ్ణి, ఒకరోజు ఏడ్చేవాణ్ణి. నీ డీజిలు దింపాను ఈ నీళ్ల కోసం. వచ్చేటప్పుడు ఉప్పు మధ్యలో ఇంజను ఆగిపోతే ఇవి పోసి నడుపుతావా? నాతో ఏ ఆటైనా ఆడు. కాటాతో ఆడతావా?"

నేను తల దించుకున్నాను. ఆయన అన్న ప్రతి అక్షరం నిజం. ఎవరికి తగలాలో వాళ్లకి కూడా తగిలే ఉంటుంది, గోడ పక్కన నిలబడి వింటోంది కదా.

ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాం. తర్వాత ఆయన చేత్తో చూపిస్తుంటే నేను సామాను మళ్లీ ఎక్కించాను. ముందు డీజిలు క్యాను. బెల్టు సరిగ్గా బిగిసిందో లేదో తానే లాగి చూశాడు. స్టెప్నీ, జాకీ, టార్పాలిన్. తన కుర్చీ, పక్కబట్టలు, సంచీ కూడా ఎక్కించమన్నాడు. అవి ఎక్కిస్తున్నప్పుడు నాలో చిన్న ఆశ లాంటిది, భయం లాంటిది లేచింది. అన్నీ అయ్యాక ఆయన తన సీట్లో ఎక్కి కూర్చున్నాడు. నన్నూ కూర్చోమని సైగ చేశాడు. ఎంత అని అడిగాడు.

కాటా మనిషి చెప్పిన అంకె తలుపు మీది అంకె కంటే తక్కువ. అన్నయ్య లెక్క తప్పలేదు. సరిపోయింది సార్, ఇంకా ఖాళీ ఉంది అన్నాడతను సంతోషంగా.

అన్నయ్య అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. పక్కనే ఉన్నాను, ఆయన ఊపిరి వినిపిస్తోంది. బండి పోనియ్యిరా అంటాడని చూశాను. అని ఉంటే పోనిచ్చేవాణ్ణి. వదిన అడ్డం పడినా పోనిచ్చేవాణ్ణి. ఆయన తలుపు తీసుకుని దిగాడు. తన కుర్చీ, పక్కబట్టలు, సంచీ తానే ఒక్కొక్కటీ దింపి గోడ పక్కన పెట్టాడు. వదిన అందుకోబోతే ఇవ్వలేదు. తలుపు కాస్త ఎత్తి వేస్తేనే పడుతుంది, అలాగే ఎత్తి వేశాడు.

వదిన నా వైపు కిటికీ దగ్గరికి వచ్చింది. ఆయనతో చెప్పేస్తాను అంది, పెదాలు మాత్రమే కదిలేలా. వద్దు అన్నాను. ఇప్పుడు చెబితే ఇద్దరం పోతాం, ఒకడు చాలు. ఆవిడ కిటికీ అంచు మీద చెయ్యి వేసి ఒక క్షణం ఉంచి తీసేసింది. మేం కోరుకున్నదే జరిగింది. ఆయన రావడం లేదు. గంటలోపు ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే ఉంటాడు.

అన్నయ్య ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. తడిసిన చొక్కాతో కాటా గది కిటికీ దగ్గరికి వెళ్లి, నాకు వీపు పెట్టి నిలబడి, కాటా మనిషితో మాట్లాడాడు. బండికీ ఆయనకీ మధ్య నాలుగు అడుగుల దూరం కూడా లేదు.

"అతగాడికి చెప్పు," అన్నాడు. "ఉప్పు మీదికి ఒక్కడే దిగొద్దని. రోడ్డు అయిపోయే ఊళ్లో ఎవరినైనా ఎక్కించుకోమను. నా సీట్లో కూర్చునేవాడు నాకంటే బరువుండకూడదు, చూసుకోమని చెప్పు."

కాటా మనిషి ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత కిటికీలోంచి తల బయట పెట్టి, ఆ మాటలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా నాకు మళ్లీ చెప్పాడు. అన్నయ్య అటే తిరిగి నిలబడి ఉన్నాడు.

"సరేనన్నానని చెప్పండి," అన్నాను. ఇంజను తిప్పాను.